మంచు నక్కతో మిషో వాదం

మా కెల్డన్ ఫాల్స్ ఊళ్ళో ఫెర్నాండ్ మిషో, అతని భార్య డెల్ఫీన్ వాదించుకుంటుంటే వినడానికి జనం పనిగట్టుకుని వెళ్ళేవారు. నేనూ వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక నా హోటల్ తలుపు వేసి, మిగిలిపోయిన కేకు ముక్కలు పొట్లం కట్టుకుని, నది ఒడ్డున ఉన్న వాళ్ళింటికి నడిచేవాణ్ణి. వంటింటి బల్ల దగ్గర కిటికీ పక్క కుర్చీ ఫెర్నాండ్‌ది, పొయ్యి పక్క కుర్చీ డెల్ఫీన్‌ది. విషయం ఎప్పుడూ ఒక్కటే. ఇంట్లో పిస్తోలు ఉండాలా, అక్కర్లేదా.

ఫెర్నాండ్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ పని చేస్తూనే ఊరి అంబులెన్సులో జీతం లేకుండా ఏళ్ళ తరబడి తిరిగాడు. తుపాకీ పేలిన ఇంట్లోకి మొదట అడుగుపెట్టే మనుషుల్లో అతనొకడు. డెల్ఫీన్ ఉత్తరాన బంగాళాదుంపల పొలాల మధ్య పెరిగింది. అడవి దారుల వెంట ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసేది. శనివారాలు వేటగాళ్ళ క్లబ్బులో ఆడవాళ్ళకి పిస్తోలు పట్టుకోవడం నేర్పేది.

"వేటకి పెద్ద తుపాకీ ఉంచుకో, నేను వద్దనను" అనేవాడు ఫెర్నాండ్. "దిండు పక్కన పెట్టుకునే బుల్లి తుపాకీ ఉంది చూడు, అది దొంగ కోసం కొంటారు. దొంగ రాడు. ఏదో ఒక రోజు మనసు బాగోదు. చెయ్యి అటే పోతుంది. ఎన్ని ఇళ్ళలో చూశానో నన్నడుగు."

"నువ్వు వెళ్ళిన ఇళ్ళే చూశావు ఫెర్న్" అనేది డెల్ఫీన్, బంగాళాదుంపల తొక్క తీస్తూనే. "తుపాకీ ఉంది కదా అని దొంగ వెనక్కి పోయిన ఇంటికి నిన్నెవరు పిలుస్తారు? వాళ్ళకి అంబులెన్సు అక్కర్లేదుగా."

నేను నవ్వేవాణ్ణి. ఫెర్నాండ్ ముఖం ఎర్రబడేది. ఒక గంట తర్వాత అతను ఇంకో మంచి మాట అనేవాడు, డెల్ఫీన్ ముఖం ఎర్రబడేది. ఇద్దరిలో ఎవరూ గెలిచింది లేదు. నలభై ఏళ్ళకు పైగా సాగిన ఆ వాదంలో ఒక్క బూతు మాట నేను వినలేదు.

డెల్ఫీన్ ఒక శరదృతువులో గుండె ఆగి పోయింది. ఆ చలికాలమంతా ఫెర్నాండ్ రోజూ నా హోటల్‌కి వచ్చి, కౌంటర్ చివర కూర్చుని, గుడ్లు కెలుకుతూ ఉండేవాడు. వాతావరణం గురించి అడిగితే జవాబు చెప్పేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

అప్పటికే మా జిల్లాకి ఇంటర్నెట్‌లో ఒక చర్చా పేజీ ఉండేది. దాన్ని చూసుకునేది నేనే. తప్పిపోయిన పిల్లులు, అమ్మకానికి పెట్టిన కట్టెలు, రోడ్ల మీద మంచు తీయని పంచాయతీకి తిట్లు, ఇవే అందులో ఎక్కువ. ఎవరిష్టం వచ్చిన పేరుతో వాళ్ళు రాసుకోవచ్చు. ఆ ఏడాది, పిస్తోలు కొన్నవాడు దాన్ని చేతికి తీసుకోవడానికి కొన్ని రోజులు ఆగేలా చట్టం తేవాలన్న మాట మా రాష్ట్రంలో గట్టిగా వినపడసాగింది. పేజీలో గొడవ మొదలైంది. ఫెర్నాండ్ తన అసలు పేరుతోనే అందులో దిగాడు. అంబులెన్సులో చూసిన ఒక సంగతి రాశాడు. భార్య వదిలిపోయిందని తాగిన ఒక మనిషి, సొరుగు, అందులో పిస్తోలు. "అది పశువుల కొట్టంలో ఉండుంటే, అక్కడిదాకా చలిలో నడిచేలోపు అతని మత్తు దిగేది, బతికుండేవాడు" అని ముగించాడు.

జవాబులు వచ్చాయి. ముసలి గొర్రె అన్నారు, పిరికివాడన్నారు. ఫెర్నాండ్ వైపు వాళ్ళేమైనా తక్కువా? తుపాకీ వాళ్ళని హంతకులన్నారు. మర్నాడు ఫెర్నాండ్ నా కౌంటర్ దగ్గర కూర్చుని తల ఊపాడు.

"వీళ్ళకి వాదించడం రాదు హాలిస్."

"తిట్టడం వచ్చుగా" అన్నాను.

"తిట్టడం మా మనవరాలికీ వచ్చు. దానికి మూడేళ్ళు. నేను రాసిన దాంట్లో ఒక పెద్ద లొసుగు ఉంది. డెల్ఫీన్ అయితే ఒక్క నిమిషంలో పట్టేసేది. వీళ్ళలో ఒక్కడికీ కనపడలేదు."

ఆ మధ్యాహ్నం అతను ఇంటికి వెళ్ళి, చాలా నెలల తర్వాత, పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఈ సంగతి నాకు తర్వాత అతనే చెప్పాడు. ల్యాప్‌టాప్ అటు జరుపుకుని, డెల్ఫీన్ ఏమనేదో అది రాశాడట. "మిషో గారూ, మీరు చెప్పిన మనిషి తాగి ఉన్నాడు, ఒంటరిగా ఉన్నాడు. మీకు మాత్రం తుపాకీ ఒక్కటే కనపడింది. పక్కింటివాళ్ళు ఆ రాత్రి తలుపు ఎందుకు తట్టలేదో అది అడగరేం? తుపాకీకైతే తాళం పెట్టె దొరుకుతుంది, ఒంటరితనానికి ఎక్కడ దొరుకుతుంది?" పేరు అడిగిన చోట మంచు నక్క అని పెట్టాడు. డెల్ఫీన్‌ని చిన్నప్పుడు తండ్రి నక్కపిల్లా అని పిలిచేవాడు.

రాసి, పంపి, లేచి, కిటికీ పక్క కుర్చీలోకి మారి, తను రాసిందే చదివాడు. చదివి కోపం తెచ్చుకున్నాడు. అంత కోపం అతనికి చలికాలం మొదలయ్యాక రాలేదు. వెంటనే జవాబు రాశాడు.

అలా మొదలైంది. ఉదయం మిషో, మధ్యాహ్నం మంచు నక్క. నా పేజీ చచ్చిన చేపల సంతలా ఉండేది కాస్తా పండగ మైదానమైపోయింది. జనం పని మధ్యలో ఆపి ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. జిల్లా పోలీసు అధికారి షెరిఫ్ కారు మా అడవి దారుల్లోకి రావడానికి మంచులో ఎంతసేపు పడుతుందో నక్క అడిగింది. "అంతసేపూ తలుపు ఇవతల నిలబడేది నేను. చట్టం రాసేవాడు కాదు" అంది. మిషో ఆ మర్నాడే, దొంగని కాల్చబోయి చీకట్లో సొంత తమ్ముణ్ణి కాల్చుకున్న ఒకాయన ఎలా కూర్చుండిపోయాడో రాశాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు, నక్క తప్ప.

అన్నిటికన్నా ఆశ్చర్యం ఏమిటంటే, తిట్లు తగ్గాయి. తిడితే నక్క ఊరుకునేది కాదు, తన పక్షం వాళ్ళని కూడా. తుపాకుల దుకాణం బోయిడ్ ట్రాస్క్ ఒకసారి ఫెర్నాండ్‌ని గాడిద అని రాస్తే, "బోయిడ్, నీకు చెప్పడానికి కారణం దొరక్కపోతే వెళ్ళి తూటాలు సర్దుకో. నా తరఫున ఎవర్నీ గాడిద అని పిలవకు" అని పెట్టింది. బోయిడ్ ఎలుగుబంటిలాంటి మనిషి. మర్నాడు నా హోటల్లో ఆ మాట అందరికీ చదివి వినిపించి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎవరో గానీ, ఈ ఆడమనిషి నన్ను చెప్పుతో కొట్టినట్టు కొట్టింది. దణ్ణం పెట్టాలి" అన్నాడు. కౌంటర్ చివర ఫెర్నాండ్ కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికని నేననుకున్నాను.

నక్క ఎవరా అని ఊరంతా లెక్కలే. బడిలో పాఠాలు చెప్పే ఆవిడ అన్నారు కొందరు. చర్చి ఫాదర్ అన్నారు ఇంకొందరు. బోయిడ్ భార్యే భర్తకి తెలియకుండా రాస్తోందని ఒక పుకారు లేచి, పాపం బోయిడ్ రెండు రోజులు ఇంట్లో అనుమానంగా తిరిగాడు.

ఇంతలో ఫెర్నాండ్‌కి ఒక చిక్కు వచ్చింది. ఊరి చివర డబ్బు తీసుకుని ఊరివాళ్ళ కుక్కలని తన దగ్గర ఉంచుకుని చూసుకునే కార్లిస్ హాస్కెల్ అనే ఆవిడ మంచు నక్కకి పేజీలోనే, ఇంకెవరికీ కనపడకుండా, విడిగా ఉత్తరం రాసింది. కార్లిస్‌కి నలభై దాటాయి. మొగుణ్ణి వదిలేసింది. అతను అప్పుడప్పుడూ తాగి వచ్చి, ఆవిడ ఇంటి దారి మొదట్లో బండి ఆపుకుని, దీపాలు వేసి కూర్చునేవాడు. ఏమీ చేసేవాడు కాదు. ఊరికే కూర్చునేవాడు. "నేను పిస్తోలు కొందామనుకుంటున్నా. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

ఆ ఉత్తరం చూసి ఫెర్నాండ్ రెండు కుర్చీల మధ్య నిలబడిపోయాడట. తను ఫెర్నాండ్‌గా జవాబు చెప్పలేడు. అడిగింది నక్కని. చెప్పకుండా ఊరుకుంటే, ఒంటరి ఆడమనిషి భయపడుతూ కూర్చుంటుంది. చివరికి పొయ్యి పక్క కూర్చుని, డెల్ఫీన్ తన దగ్గరకి వచ్చిన ఆడవాళ్ళకి ఏం చెప్పేదో అదే ఒక్క మాట మార్చకుండా రాశాడు. ముందు షెరిఫ్‌కి చెప్పి కాగితం మీద పెట్టించు. కొనాలనుకుంటే ముందు నేర్చుకో. చెయ్యి వణుకుతున్న రోజున కొనకు. కార్లిస్ మళ్ళీ రాసింది. కుక్కల గురించి రాసింది, తల్లి గురించి రాసింది. ఆ వసంతమంతా రాసింది. నక్క ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చింది.

ఇవేవీ తెలియని నేను ఒక ఉదయం గుడ్లు వేయిస్తూ ఉండగా నాకో ఆలోచన తట్టింది. రైతు సంఘం హాల్లో ప్రతి వేసవీ బీన్స్ విందు చేస్తాం. భూమిలో గొయ్యి తీసి, నిప్పులు పోసి, కుండల్లో బీన్స్ గింజలు పాతిపెట్టి, రసం చిక్కబడేదాకా ఉడికించి తీస్తాం. రెండేళ్ళుగా ఆ విందుకి జనం తగ్గారు. ఈ గొడవల వల్ల ఒక బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. మిషోనీ మంచు నక్కనీ ఎదురెదురుగా కూర్చోబెడితే?

పేజీలో పెట్టాను. ఫెర్నాండ్‌కి అక్కడే కౌంటర్ దగ్గర చెప్పాను.

"నక్క రాదు" అన్నాడు వెంటనే.

"నీకెలా తెలుసు?"

"రాదంతే. ఒప్పుకోదు."

"భయమా? ఓడిపోతావనా?"

కప్పు కింద పెట్టేశాడు. "నాకా? నలభై ఏళ్ళు..." అని ఆగిపోయాడు. డబ్బు కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి వంటింట్లో తిరుగుతూనే ఉన్నాడట. రానని రాయబోయి ఆ కుర్చీలో కూర్చుంటే వేళ్ళు కదల్లేదు. డెల్ఫీన్ బతికుండగా ఎవరైనా రమ్మంటే రానన్న రోజు లేదు. సాయంత్రానికి పేజీలో జవాబు పడింది. "వస్తాను. మిషో గారిని కడుపు నిండా తిని రమ్మనండి, తర్వాత తినబుద్ధి కాదు. మంచు నక్క."

ఇక చూడాలి మా ఊరు. బోయిడ్ దుకాణం అద్దం మీద నక్క బొమ్మ అతికించాడు. ఆసుపత్రి నర్సులు మిషో పేరుతో టోపీలు కుట్టించుకున్నారు. పక్క ఊళ్ళ నుంచి ఫోన్లు. కూర్చోడానికి చోటుంటుందా, కుర్చీలు మేమే తెచ్చుకోవాలా అని. చర్చి నుంచి బల్లలు తెచ్చాం. బీన్స్ గొయ్యి ఒకటి చాలదని రెండోది తవ్వాం. కార్లిస్ నాకు ఫోన్ చేసి, "ముందు వరసలో నాకొక కుర్చీ ఉంచు హాలిస్. ఆవిణ్ణి కౌగిలించుకోవాలి" అంది. నేను ఉంచుతానన్నాను.

శనివారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. కిటికీల బయట కూడా జనం నిలబడ్డారు. బీన్స్, ఎర్ర సాసేజీలు, నల్ల రొట్టె తిని అందరి ముఖాలూ చెమటతో మెరుస్తున్నాయి. వేదిక మీద ఒక బల్ల, రెండు కుర్చీలు. ఫెర్నాండ్ పెళ్ళినాటి కోటు వేసుకుని వచ్చి ఎడమ పక్క కూర్చున్నాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. రెండో కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా హాలంతా వెనక్కి తిరుగుతోంది. ఎవరో ఆలస్యంగా వచ్చిన ముసలావిడ తనని చూసి అంతమంది ఊపిరి బిగపట్టేసరికి బెదిరిపోయి బయటికే వెళ్ళిపోయింది.

"నక్క పారిపోయింది" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు. బోయిడ్ లేచి, "ఆ మాట అన్నది ఎవడ్రా?" అన్నాడు.

అప్పుడు ఫెర్నాండ్ నా వైపు చూసి, "మొదలెడతా" అన్నాడు. లేచి నిలబడి తన వాదం చెప్పాడు. మాట తడబడలేదు. తాళం ఉండాలన్నాడు, ఆగే రోజులు ఉండాలన్నాడు. తను ఎత్తి తెచ్చిన మనుషుల్లో ఆగుంటే బతికేవాళ్ళు ఎవరెవరో పేర్లు చెప్పకుండా చెప్పాడు. ముగించాడు.

ముగించి, బల్ల చుట్టూ నడిచి, రెండో కుర్చీలో కూర్చున్నాడు.

"మిషో గారూ" అన్నాడు ఖాళీ కుర్చీ వైపు చూస్తూ. "మీరు బాగానే చెప్పారు. ఎప్పుడూ చెప్పేదే."

హాల్లో కొందరు నవ్వారు. నాటకం అనుకున్నారు. రెండో మాటకి నవ్వు ఆగింది. ఆ మాటతీరు ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆ విరుపు డెల్ఫీన్‌ది. ఆవిడ దగ్గర గురిపెట్టడం నేర్చుకున్న ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నాకు కేకు పొట్లంతో ఆ వంటింట్లో కూర్చున్నట్టే అయింది.

అతను మళ్ళీ లేచాడు, అటు కూర్చున్నాడు, జవాబిచ్చాడు. ఇటు కూర్చున్నాడు, కొట్టిపారేశాడు. అంత వేడి వాదం మా హాల్లో ఎప్పుడూ జరగలేదు. జనం మర్చిపోయారు, అక్కడున్నది ఒక్క మనిషని. ఇటు మాటకి ఇటువాళ్ళు చప్పట్లు, అటు మాటకి అటువాళ్ళు. బోయిడ్ లేచి నిలబడిపోయాడు. నర్సు ఒకామె కుర్చీ ఎక్కింది.

అలా సాగుతుండగా నక్క కుర్చీలోంచి అతనో ప్రశ్న వేశాడు. ముందుగా అనుకున్నది కాదట, నోట్లోంచి అలా వచ్చేసిందట.

"ఫెర్న్, నా పిస్తోలు ఎక్కడుంది?"

లేచి, మెల్లగా నడిచి, తన కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు పెట్టిన చోటే" అన్నాడు. "మంచం పక్క సొరుగులో. తూటాలు కూడా. నువ్వు సర్దిపెట్టిన దాన్ని నా చేత్తో కదపబుద్ధి కాలేదు."

ఒంటరి ముసలివాడి మంచం పక్క సొరుగులో తూటాలున్న పిస్తోలు. ఇన్నాళ్ళూ అతను రాసిందంతా దాని గురించే. ఈసారి అతను అవతలి కుర్చీకి వెళ్ళలేదు. "ఆ నక్క నేనే" అన్నాడు జనంతో. "అటు వాదించడానికి నాకింక ఎవరూ లేరు. మిమ్మల్ని మోసం చేద్దామని కాదు. క్షమించండి."

ముందు వరసలో కార్లిస్ లేచింది. నడవాలోంచి తిన్నగా నడిచి బయటికి వెళ్ళిపోయింది. వేదిక మీదినుంచి ఫెర్నాండ్ చూశాడు.

మర్నాడు ఉదయమే బోయిడ్ తన దుకాణంలోని ఉక్కు పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని నది ఒడ్డు ఇంటికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. ఫెర్నాండ్ తలుపు తీయగానే, "నన్ను ఇన్నాళ్ళు ఆడించావు, ముసలోడా" అన్నాడు. "నేనేమో ఆవిడకి దండేద్దామని హాలుకి పూలు పట్టుకొచ్చా."

"ఆ పూలేం చేశావు?"

"మా ఆవిడకిచ్చా. ఎన్నడూ లేనిది పూలేమిటని అనుమానంగా చూస్తోంది. పద, సొరుగు చూపించు."

తూటాలు తీసింది బోయిడే. ఫెర్నాండ్ గుమ్మంలో నిలబడి గోడ వైపు చూశాడు. పెట్టె తాళం పడ్డ చప్పుడు విన్నాక లోపలికి వచ్చి, సొరుగు మూసి, మా ఇద్దరికీ కాఫీ పెట్టాడు. ముగ్గురం అరగంట మంచినీటి చేపల గురించి మాట్లాడుకున్నాం.

కార్లిస్ సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. ఫెర్నాండ్ ఆవిడ ఇంటికి వెళ్ళాడు. కుక్కలు కంచె మీదికి ఎగబడి మొరుగుతుంటే ఆవిడ గొట్టంతో నీళ్ళు కొడుతూ, ఆపకుండానే మాట్లాడింది.

"మా అమ్మ చనిపోయినప్పటి సంగతి రాశాను. నేను అది ఒక ఆడమనిషికి రాశాననుకున్నా."

"తెలుసు."

"ఆ జవాబులు నీవా, ఆవిడవా?"

ఫెర్నాండ్ ఆలోచించాడు. "మొదట్లో ఆవిడవి. తర్వాత తర్వాత నాకే తెలీలేదు."

"అయితే వెళ్ళు. నాకూ తెలీడం లేదు, నేనెవరితో మాట్లాడానో."

అతను వచ్చేశాడు. నక్క పేరు పేజీలోంచి తీసేయమని నన్నడిగాడు. తీసేశాను. పేజీ మళ్ళీ పిల్లుల పాలైంది. ఫెర్నాండ్ ఒకటి రెండు సార్లు రాశాడు గానీ, వాటిలో పదును లేదు. చదివినవాళ్ళు మంచి మాట అని పెట్టి పోయారు. అదే అతనికి అన్నిటికన్నా పెద్ద బాధ.

ఆకులు రంగు తిరిగే కాలంలో ఒక ఉదయం అతను నా కౌంటర్ దగ్గర ఉండగా పేజీలో ఒక జవాబు వచ్చింది. సొంత పేరుతో, కార్లిస్ హాస్కెల్ అని. నేనే ముందు చూసి ఫోన్ అతని ముందు పెట్టాను.

"మిషో, నువ్వు ఆగాలంటావు. నీ భార్య ఆగక్కర్లేదంటుంది. ఇద్దరూ నా సంగతి వదిలేశారు. నేను వేసవిలో పిస్తోలు కొన్నాను, నేర్చుకున్నాకే. అంతకు ముందు, నేను వదిలేసిన మొగుడు మొదటిసారి నా ఇంటి దారిలో బండి ఆపిన వారం కొనుంటే మాత్రం అతన్ని కాల్చేసేదాన్ని. ఈపాటికి జైల్లో ఉండేదాన్ని. కాబట్టి ఆగడం మంచిదే, ఒప్పుకుంటా. కానీ ఆ ఆగిన రోజులన్నీ నేను నిద్రపోలేదు. ఆగమని చెప్పేవాళ్ళెవరూ ఆ రోజుల్లో నా గుమ్మంలో కూర్చోలేదు. ఆ ముక్క నీ వాదంలో ఎక్కడుంది?"

ఫెర్నాండ్ చదివాడు. మళ్ళీ చదివాడు. స్టూలు మీంచి దిగి నిలబడ్డాడు.

"హాలిస్, ఇది డెల్ఫీన్ ఎప్పుడూ అనలేదు." అతని చెయ్యి నా చొక్కా పట్టుకుంది. "ఇది నేనెప్పుడూ వినలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదయ్యా."

అంత సంతోషంగా ఆ మాట చెప్పినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. గుడ్లు వదిలేశాడు. టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అంతలో తలుపు గంట మోగి కార్లిస్సే లోపలికి వచ్చింది, కుక్క వెంట్రుకలు అంటుకున్న స్వెట్టర్‌తో. కాఫీ కోసం వచ్చానంది. అతన్ని చూడనట్టే కౌంటర్ అటు చివర కూర్చుంది.

"చదివాను" అన్నాడు ఫెర్నాండ్.

"చదవడానికే రాశా."

"మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అలాంటి వారం ఎవరికైనా వస్తే..."

"నేనడిగింది జవాబు. గది కాదు" అంది కార్లిస్. "నాకొక్కదానికి గదిస్తావు. జిల్లా మొత్తానికి ఎక్కడిస్తావు? చట్టంలో ఏం రాయిస్తావు?"

ఫెర్నాండ్ తన కప్పు తీసుకుని ఆవిడకి ఒక స్టూలు ఇవతలదాకా జరిగాడు. "షెరిఫ్ ఆ రోజుల్లో రోజూ ఒకసారి రావాలని రాయిస్తా."

"నా దారిలోకి మంచులో ఎంతసేపు పడుతుందో మర్చిపోయావా? నువ్వే రాశావుగా."

"అది నేను కాదు, నక్క."

"ఎవరైతేనేం, నిజమేగా. ఇంకోటి చెప్పు."

అతను టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "రేపు చెప్తా."

"రేపు నాకు కుదరదు. రెండు పెద్ద కుక్కలకి జుట్టు కత్తిరించాలి. ఎల్లుండి వస్తా. సరైన జవాబుతో రా. హాలిస్, ఇతనికి కాఫీ పొయ్, ఆలోచించుకోవాలి."

నేను పోశాను. ఆవిడ వెళ్ళాక కూడా ఫెర్నాండ్ చాలాసేపు కూర్చుని, వేలితో కౌంటర్ మీద కొడుతూ, తనలో తానే ఏదో అంటూ, కాదని తల ఊపుతూ, మళ్ళీ మొదట్నించి మొదలుపెడుతూ ఉన్నాడు.